మనవాడైనా సత్యం ముందు మినహాయింపు లేదు: సెనేటర్ థామస్ వాల్ష్

తప్పు చేసినవాడు పరాయివాడైతే నిలదీయడం తేలిక. మన విశ్వాసం, మన పార్టీ, మన రక్తం ఉన్నవాడైతే? అమెరికా సెనేటర్ థామస్ వాల్ష్ గారికి ఈ పరీక్షే ఎదురయింది.

ఆయన 1859లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని టూ రివర్స్ అనే ఊరిలో, ఐర్లండు నుండి వలస వచ్చిన కతోలిక కుటుంబంలో జన్మించారు. బడిపంతులుగా పనిచేసి, 1884లో న్యాయశాస్త్ర పట్టా పొందారు. 1890లో మొంటానాలోని హెలీనా పట్టణం చేరి పేరున్న న్యాయవాది అయ్యారు. ఎన్నికలలో ఓటమి చవిచూసినా వెనుదీయక, 1913లో డెమోక్రటిక్ పార్టీ తరఫున సెనేటులో అడుగుపెట్టారు.

ఆ రోజులలో నౌకాదళం అవసరాలకై దాచిన చమురు భూములను ఇంటీరియర్ శాఖ మంత్రి ఆల్బర్ట్ ఫాల్ టెండర్లు పిలువకుండానే ఇద్దరు ధనవంతులకు కౌలుకిచ్చాడు. వాటిలో ఒకటైన టీపాట్ డోమ్ పేరుతోనే ఈ కుంభకోణం ప్రసిద్ధి చెందింది. దీనిపై 1923లో ప్రారంభమైన విచారణ భారం వాల్ష్ గారిపై పడింది. ఆయన కట్టలకొద్దీ కాగితాలు ఓపికగా చదివారు. ఫాల్‌కు హఠాత్తుగా అంత డబ్బు ఎక్కడిదని అడిగారు. ఒక పత్రికాధిపతి లక్ష డాలర్లు అప్పిచ్చాడని ఫాల్ చెప్పగా, ఆయన ఫ్లోరిడా వరకు వెళ్ళి అది అబద్ధమని తేల్చారు.

1924 జనవరిలో అసలు సంగతి బయటపడింది. ఆ లక్ష ఇచ్చినది చమురు వ్యాపారి ఎడ్వర్డ్ డోహెనీ. అతడూ విస్కాన్సిన్‌లో పుట్టినవాడే, ఐరిష్ సంతతివాడే, కతోలికుడే, డెమోక్రాటే. నిజం బయటపడితే సొంత పార్టీకీ మచ్చ. అయినా వాల్ష్ గారు ప్రశ్నలు ఆపలేదు. కొన్ని పత్రికలు నిందించినా చలించలేదు.

1927లో సుప్రీం కోర్టు ఆ కౌళ్ళను రద్దు చేసింది. 1929లో ఫాల్‌కు శిక్ష పడి, 1931లో చెరసాలకు వెళ్ళాడు. లంచం పుచ్చుకున్నందుకు ఫాల్ దోషి అయినా, ఇచ్చినవాడైన డోహెనీని జ్యూరీ 1930లో నిర్దోషిగా విడిచిపెట్టింది. మానవ న్యాయం అన్నివేళలా నిండుగా ఉండదు.

1933లో రూజ్వెల్ట్ ఆయనను అటార్నీ జనరల్‌గా ఎంపిక చేశారు. పదవి చేపట్టకముందే, మార్చి 2న వాషింగ్టన్ వెళుతూ రైలులోనే ఆయన కన్నుమూశారు.

మన ఇంట్లో, మన సంఘంలో లెక్క తప్పినప్పుడు మనవాడే కదా అని కళ్ళు మూసుకుంటున్నామా? పిల్లలు మనలను చూసే నేర్చుకుంటారు.