కొంగల కావలివాడు గై బ్రాడ్లీ

తొలకరి దుక్కులు ప్రారంభమైనప్పుడు నాగలి వెనుక తెల్లకొంగలు మెల్లగా అడుగులు వేస్తూ నడవడం మన పల్లెలలో పెరిగినవారంతా చూచిన దృశ్యమే. ఆకాశంలో ఎగిరే కొంగలబారును చూచి, గోళ్ళమీద పూలు పెట్టిపొమ్మని పిల్లలు కేకలు వేయడం కూడ మనకు అనుభవమే. అటువంటి కొంగలకు కాపలా కాసి, ఆ కాపలాలోనే ప్రాణం కోల్పోయిన ఒక చిన్న ఉద్యోగి నూరేండ్లకు పూర్వం అమెరికా దక్షిణపు కొసన ఉండేవాడు. అతని పేరు గై బ్రాడ్లీ. ఆ దేశంలో వన్యప్రాణి రక్షణ చరిత్ర వ్రాసేవారు అతని పేరు తలచకుండ ఉండరు. కాని అతనికి జీతమెంత వచ్చేది, ఆ జీతం ఎవరిచ్చేవారు, అతడు పోయిన తరువాత అతని బిడ్డలను ఎవరు చూచినారు అని అడిగేవారు తక్కువ. అతని జీవితాన్ని సరిగా తెలుసుకోవాలంటే ఆ ప్రశ్నలను కూడ అడుగవలసి ఉన్నది.

బ్రాడ్లీ 1870 ఏప్రిల్ 25వ తేదీన షికాగో నగరంలో జన్మించినాడు. అతనికి ఆరేండ్ల వయస్సులో, 1876లో, ఆ కుటుంబం ఫ్లారిడాకు తరలివచ్చినది. నాటి దక్షిణ ఫ్లారిడాలో రహదారులు లేవు. సముద్రపుటొడ్డు ఒక వైపు, చిత్తడి నేలలు మరొక వైపు. ఆ ఇసుక ఒడ్డు వెంబడి చెప్పులు లేకుండ నడిచి తపాలా సంచులు మోసే పనిని బ్రాడ్లీ తండ్రి కొంతకాలం నిర్వహించినాడు. కొడుకులు కూడ ఆ పనిలో పాలుపంచుకొన్నారు. పడవ నడపడం, చిత్తడిలో దారి గుర్తించడం, తుపాకి పట్టడం బ్రాడ్లీకి బడిలో కాక ఆ నీటిమీదనే అబ్బిన విద్యలు.

ఆ విద్యలను మొదట అతడు వినియోగించినది పక్షుల రక్షణకు కాదు, వేటకు. 1885లో, పదిహేనేండ్ల ప్రాయంలో, అన్నతోను ఒక స్నేహితునితోను కలిసి ఒక ఫ్రెంచి వేటగాని వెంట పడవమీద వెళ్ళినాడు. ఆ ప్రయాణంలో ఈకల కొరకు కూల్చిన పక్షులకు లెక్కలేదు. ఆ ప్రాంతపు పేదలకు అది అందరూ ఒప్పుకొన్న జీవనోపాధి. ఎవరూ దానిని తప్పుగా ఎంచలేదు.

ఆ ఈకలకు అంత గిరాకీ ఎందుకో తెలుసుకోవడం అవసరం. న్యూయార్కు, లండను, పారిసు నగరాలలో సంపన్న స్త్రీలు తమ టోపీలను పక్షి ఈకలతో అలంకరించుకొనేవారు. అన్నిటిలోకి విలువైనవి తెల్లకొంగ వీపుమీద పెరిగే పలుచని పొడుగాటి ఈకలు. అవి గుడ్లు పెట్టి పిల్లలను పొదిగే ఋతువులో మాత్రమే పెరుగుతాయి. కనుక వేటగాడు గూళ్ళ వద్దకే వెళ్ళి తల్లిపక్షిని కాల్చేవాడు. వీపుమీది కుచ్చు ఒలిచి కళేబరాన్ని వదిలివేసేవాడు. గూటిలోని పిల్లలు ఆకలితో చనిపోయేవి. ఒక పక్షి మరణించినదంటే ఒక తరం మరణించినట్లే. 1903 నాటికి ఈ ఈకలు ఔన్సు, అనగా సుమారు రెండున్నర తులాలు, 32 డాలర్లు పలికినవి. ఆనాటి బంగారం ధరకంటె అది ఎక్కువ.

ఈ సంహారాన్ని అరికట్టడానికి చట్టాలు రాకపోలేదు. చట్టవిరుద్ధంగా చంపిన జంతువులను, పక్షులను రాష్ట్రాల సరిహద్దులు దాటించకూడదని 1900లో అమెరికా ప్రభుత్వం లేసీ చట్టం చేసినది. మరుసటి ఏడు ఫ్లారిడా రాష్ట్రం కొంగల వంటి పక్షులను చంపరాదని శాసించినది. మన దేశం నుండి కూడ ఈకలు లండను అంగళ్ళకు చేరుతుండేవి. 1902లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించినది. కాని ఫ్లారిడా శాసనం కాగితంమీద ఉన్నదే గాని, దానిని చిత్తడి నేలలలో అమలుజరిపే మనిషి లేడు. ఆ మనిషికి జీతమివ్వడానికి రాష్ట్రం డబ్బు కేటాయించలేదు.

ఆ లోటు తీర్చినవారు పక్షిశాస్త్రజ్ఞులు. వారి సంఘంలో పక్షిరక్షణ బాధ్యత వహించిన విలియం డచర్, చిత్రకారుడు ఎబట్ థేయర్ ప్రోగుచేసిన నిధి నుండి కావలివాండ్రను నియమింపసాగినాడు. దక్షిణ ఫ్లారిడాకు తగినవాడెవడని విచారించగా, పిల్లల కథల రచయిత కర్క్ మన్రో బ్రాడ్లీ పేరు సూచించినాడు. అప్పటికి బ్రాడ్లీ పెండ్లి చేసికొని, ఫ్లెమింగో అనే మారుమూల పల్లెలో కాపురముంటున్నాడు. చేపలు పట్టడం, కట్టెబొగ్గు కాల్చడం, చెరకు పండించడం ఆ ఊరివారి వృత్తులు. చట్టం వచ్చిన తరువాత ఈకల వేట తగదని అతడు దానిని మానుకొన్నాడు. పాత వేటగాడు గనుక వేటగాండ్ర దారులన్నీ అతనికి తెలుసు.

1902లో అతడు ఉద్యోగంలో చేరినాడు. మన్రో జిల్లా డిప్యూటీ షెరీఫ్ అనే హోదాను ప్రభుత్వమిచ్చినది. నెలకు 35 డాలర్ల జీతం మాత్రం పక్షిశాస్త్రజ్ఞుల చందాలనుండి వచ్చినది. అధికారం ఒకరిది, జీతం మరొకరిది. నెల పొడుగునా ఎండలో, దోమలలో, ఉప్పునీటిలో తిరిగి అతడు సంపాదించేది, వేటగాడు ఒక ఔన్సు ఈకలకు పుచ్చుకొనే ధరకంటె మూడే డాలర్లు ఎక్కువ. కొద్ది కొంగలను కాల్చినవానికి ఒక ఉదయంలో చేతికి వచ్చే సొమ్ము అది. లంచము పుచ్చుకొని కన్ను మూసికొనడానికి ఇంతకంటె అనువైన ఉద్యోగం ఉండదు. బ్రాడ్లీ కన్ను మూసికొనలేదు.

పశ్చిమ తీరపు దీవులనుండి కీవెస్ట్ పట్టణం వరకు వ్యాపించిన నీటిప్రాంతమంతా అతడొక్కడే చూచుకోవలసి వచ్చినది. తరువాత అతనికి ఒక గస్తీ పడవ సమకూరినది. అతడు హెచ్చరిక ఫలకాలు నాటినాడు. ఇరుగుపొరుగువారికి చట్టం వివరించినాడు. వినని వారిని నిర్బంధించినాడు. ఐనను ఒంటరి మనిషి ఒకే సమయంలో రెండు చోట్ల ఉండజాలడు. అతడు ఏ దిక్కుకు వెళ్ళినాడో కనిపెట్టి, వేటగాండ్రు మరొక దిక్కున తమ పని కానిచ్చేవారు. కత్బర్ట్ సరస్సులోని గొప్ప కొంగల ఆవాసం ఆ విధంగానే అతని ఉద్యోగకాలంలోనే నాశనమైనది.

నిర్బంధింపబడినవారిలో టామ్ స్మిత్ అనే యువకుడున్నాడు. అతని తండ్రి వాల్టర్ స్మిత్ అంతర్యుద్ధంలో పోరాడిన పాత సైనికుడు, ఒకప్పుడు బ్రాడ్లీకి పరిచితుడు. తన కొడుకుమీద మరల చెయ్యి వేస్తే ప్రాణం తీస్తానని అతడు బెదిరించినాడు. 1905 జూలై 8వ తేదీ ఉదయం ఫ్లెమింగోలో బ్రాడ్లీ ఇంటికి తుపాకి మ్రోతలు వినవచ్చినవి. ఎదుట ఆయిస్టర్ కీస్ అనే చిన్న దీవుల వద్ద స్మిత్ ఓడ కనిపించినది. బ్రాడ్లీ తన పిస్తోలు తీసికొని, చిన్న పడవలో ఒంటరిగా ఆ దిక్కుకు బయలుదేరినాడు. ఇంటివద్ద భార్య, ఇద్దరు చిన్న కొడుకులు ఉన్నారు. అతడు తిరిగిరాలేదు. మరునాడు అతని శవంతో కొట్టుకొనిపోతున్న పడవ ఇరుగుపొరుగువారికి దొరికినది. అతని వయస్సు 35 సంవత్సరాలు.

స్మిత్ కీవెస్ట్ వెళ్ళి లొంగిపోయినాడు. బ్రాడ్లీయే మొదట కాల్చినాడని, ఆత్మరక్షణకై తాను కాల్చవలసి వచ్చినదని చెప్పినాడు. బ్రాడ్లీ పిస్తోలునుండి గుండు వెలువడిన జాడ లేదు. 5,000 డాలర్ల జామీను చెల్లించలేక స్మిత్ ఐదునెలలు జైలులో ఉన్నాడు. చివరకు, నేరారోపణ చేయదగునా అని నిర్ణయించే గ్రాండ్ జ్యూరీ ఆరోపణ చేయడానికి నిరాకరించినది. అతడు విడుదలైనాడు. బ్రాడ్లీ బంధువులు ఆగ్రహంతో అతని ఇంటికి నిప్పు పెట్టినారు. అది చట్టం కాదు; చట్టం విఫలమైన చోట పుట్టిన పగ.

ఇక ఆ భార్యాబిడ్డల సంగతి. ప్రభుత్వ హోదాతో, ప్రభుత్వ శాసనం అమలుజరుపుతూ మరణించినవానికి ప్రభుత్వంనుండి పింఛను లేదు, పరిహారం లేదు. ఆడుబాన్ సంఘంవారు పక్షిప్రియులను యాచించి, పోగైన సొమ్ముతో కీవెస్ట్‌లో ఒక ఇల్లు కొని ఆ విధవరాలికి ఇచ్చినారు. ఇచ్చినవారి ఔదార్యం కొనియాడదగినదే. కాని దాతలు ముందుకు రాకున్నచో ఏమయ్యేదన్న ప్రశ్న మిగిలియే ఉన్నది. హక్కుగా రావలసినది దయగా వచ్చినది.

మూడేండ్ల తరువాత, 1908లో, అదే కొలువులో ఉన్న మరి ఇద్దరు బలియైనారు. ఫ్లారిడాలో కొలంబస్ మెక్లియడ్ అదృశ్యమైనాడు. అతని శవం దొరకలేదు. దక్షిణ కెరోలినాలో ప్రెస్లీ రీవ్స్ పొంచియున్నవారి తుపాకికి గురియైనాడు. ఈ మూడు మరణాలు దేశాన్ని కదిలించినవి. కావలివాడెంత ధీరుడైనా, అంగడిలో ధర ఉన్నంతకాలం వేట ఆగదని పెద్దలు గ్రహించినారు. 1910లో న్యూయార్కు రాష్ట్రం ఈకల అమ్మకాన్ని నిషేధించినది. 1913లో దేశమంతటికీ అటువంటి ఈకల దిగుమతి నిలిచినది. 1918లో వలసపక్షుల రక్షణ చట్టం వచ్చినది. విధినిర్వహణలో గాయపడిన, మరణించిన కేంద్ర ప్రభుత్వోద్యోగుల కుటుంబాలకు పరిహారమిచ్చే చట్టం 1916లో వచ్చినది. శాంతిభద్రతల ఉద్యోగి విధిలో మరణించినచో కుటుంబానికి 50,000 డాలర్లు ఇవ్వాలని 1976లో మరొక చట్టం చేసినారు.

బ్రాడ్లీ తిరిగిన నీళ్ళు 1947లో ఎవర్‌గ్లేడ్స్ జాతీయ వనంగా ప్రారంభమైనవి. అతనిని పూడ్చిన సముద్రతీరపు సమాధిని తుపాను తుడిచిపెట్టినది. వన్యప్రాణి చట్టాలు అమలుజరిపే ఉద్యోగులకు 1988 నుండి అతని పేర ఒక పురస్కారం ఇవ్వసాగినారు.

ఈ కథ మనకు దూరపుది కాదు. రాజమహేంద్రవరంలో పుట్టి, కర్ణాటక అడవులలో అటవీశాఖాధికారిగా పనిచేసిన పి. శ్రీనివాస్‌ను 1991 నవంబరు 10న వీరప్పన్ హత్య చేసినాడు. మరణానంతరం ప్రభుత్వం ఆయనకు కీర్తిచక్ర ప్రకటించినది. 2022లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక రేంజి అధికారి విధినిర్వహణలో హతుడైనప్పుడు, తెలంగాణ ప్రభుత్వం ఆ కుటుంబానికి 50 లక్షల రూపాయల సహాయం ప్రకటించినది. బ్రాడ్లీ భార్యకు దక్కనిది ఈనాటి కుటుంబాలకు కొంతైనా దక్కుతున్నది.

బడిలో వన్యప్రాణి రక్షణను గురించి పాఠం చెప్పేటప్పుడు ఉపాధ్యాయులు చట్టాల పేర్లు, సంవత్సరాలు పిల్లలచేత వల్లె వేయిస్తారు. ఆ చట్టాన్ని అడవిలోకి, నీటిలోకి మోసుకొనిపోయే మనిషికి నెలకెంత ఇస్తున్నాము, అతడు తిరిగిరాని నాడు అతని ఇంటికి ఏమి ఇస్తాము అని పిల్లలు అడిగితే, ఆ ప్రశ్న కూడ పాఠంలోనిదే. ఈసారి పొలంలో కొంగలబారును చూచినప్పుడు, నెలకు 35 డాలర్లకు వాటికి కావలి కాసినవానిని ఒక్కసారి తలచుకొందము.