లఫాయెతు చూచిన విప్లవములు

అమెరికా విప్లవమును, ఫ్రెంచి విప్లవమును ఒకే గాటఁ గట్టువారు కలరు. రెండింటియందును బాల్గొనిన లఫాయెతు ప్రభువు చరిత్ర యా యభిప్రాయమునకు మంచి పరీక్ష.

ఇతఁడు 1757లో ఫ్రాన్సునందలి ఓవెర్ను సీమలో భూస్వాముల యింటఁ బుట్టెను. బాల్యముననే తలిదండ్రులు గతించిరి. గొప్ప యాస్తి చేతికి వచ్చెను. 1777లో రాజాజ్ఞను లెక్కింపక, సొంత సొమ్ముతో నోడను గొని యమెరికాకుఁ బోయెను. పందొమ్మిదేండ్ల ప్రాయముననే యచటి కాంగ్రెసు వానిని జీతములేని మేజరు జనరలుగా నియమించెను. బ్రాండీవైను పోరాటమునఁ గాలికి గుండు తగిలెను. 1781లో యార్కుటవునునొద్ద కారన్‌వాలీసును లోఁబఱచుకొనిన సేనానులలో నితఁ డొకఁడు. ఆ కారన్‌వాలీసే పిదప మన దేశమునకు గవర్నరు జనరలుగా వచ్చి, 1793లో వంగదేశమున శాశ్వత శిస్తు నిర్ణయము చేసెను. ఆ పద్ధతి 1802 మొదలు ఉత్తర సర్కారులకును బ్రాఁకినది.

అమెరికాలోఁ దొలఁగింపవలసిన రాజు సముద్రమున కావలనుండెను. వలసరాష్ట్రముల శాసనసభలు చిరకాలమునుండి పన్నులు విధించుచుండెను. రాజు పోయినను బరిపాలన నిలిచెను. (బానిసల సంకెళ్లు మాత్రము 1865 వఱకుఁ దెగలేదు.) ఫ్రాన్సులో రాజు నట్టింటనే యుండెను. దేశప్రతినిధిసభ 1614 తరువాత 1789 వఱకుఁ గూడనేలేదు. పైఁగా రొట్టె ప్రియమై పారిసు ఆఁకలిగొనియుండెను.

ఆ జూలైలో లఫాయెతు మానవహక్కుల ముసాయిదాను సభయెదుటఁ బెట్టెను. బాస్తీలు కోట కూలిన మఱునాఁడు పౌరసేనకు నాయకుఁడయ్యెను. మఱుసటి యేఁట నాకోట తాళపుచెవిని వాషింగ్టనునకుఁ గానుకగాఁ బంపెను. అమెరికా యచ్చులోనే ఫ్రాన్సును బోయవచ్చునని యతని నమ్మకము. అక్టోబరులో స్త్రీలు రొట్టెకై వెర్సేలునకు నడచిపోయినప్పుడైన నా నమ్మకము సడలవలసినది. ఆ భూస్వామికి హక్కుల పత్రము కనఁబడినంత స్పష్టముగా రొట్టె యంగడి కనఁబడలేదు. 1791 జూలై 17న రాజును దొలఁగింపఁగోరుచు షాం ద మార్సు మైదానమునఁ గూడిన జనముపై నతని సేన తుపాకులు పేల్చెను. ప్రజల ప్రేమ యంతటితోఁ బోయెను. 1792లోఁ బ్రాణభయముతో సరిహద్దు దాఁటఁగా, విప్లవకారుఁడని యాస్ట్రియావారు పట్టిరి. ప్రష్యా, ఆస్ట్రియాల చెఱలలో నైదేండ్లు గడచెను. తల్లిని, అవ్వను, సోదరిని గిలొటిను యంత్రమునకుఁ గోల్పోయిన భార్య ఆద్రియెను, 1795లో నిద్దఱు కొమార్తెలతోఁ దానై యా చెఱసాలఁ జేరెను. ఈ కథయందు నిజమైన ధీరత యామెదే యని మా తలంపు.

1830లో మరల విప్లవము వచ్చెను. వృద్ధుఁడైన లఫాయెతు త్రివర్ణపతాకముతో మేడపై నిలిచి లూయీ ఫిలిప్పును గౌఁగిలించుకొనెను. ఒక రాజు పోయి మఱియొక రాజు వచ్చెను. డిసెంబరులోనే సేనాధిపత్యమును విడువవలసివచ్చెను.

1834 మే 20న మరణించెను. పారిసులోని పిక్‌పూ శ్మశానమున భార్య చెంతనే పూడ్చి, పైని అమెరికానుండి తెచ్చిన బంకరుహిల్లు మట్టిని జల్లిరి. ఆమె తల్లిని, అవ్వను, సోదరిని బడవేసిన గోతులు నా యావరణముననే యున్నవి.