అన్నసారాన్ని శోధించిన యల్లాప్రగడ

హైదరాబాదు నగరపు పడమటి అంచున, ఖాజాగూడ కొండరాళ్ళ చుట్టూ ఐ.టి. సంస్థల భవనాలు వెలిశాయి. అక్కడి ఉద్యోగులలో పలువురు పగలంతా కుర్చీలో కూర్చొని పనిచేస్తూ, తిన్న తిండిని కేలరీలలో లెక్కించుకొంటూ ఉంటారు. కేలరీ పంచదార నుండి వచ్చినా, పాలకూర నుండి వచ్చినా ఒక్కటేనా? ఈ సందేహానికి రెండు పార్శ్వాలున్నాయి. ఆ రెండింటినీ తన పరిశోధనలతో స్పృశించిన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. బాల్యంలో చదువు మీద శ్రద్ధ లేదు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావాలని ఇల్లు విడిచిన బాలుడాయన. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో గాంధీజీ పిలుపునందుకొని ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు అంతకన్న చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టా లభించింది.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది మాత్రం ఈ అవమానం కాదు, ఒక వ్యాధి. ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ వ్యాధికి బలయ్యారు. మనవారు గ్రహణి అని పిలిచే వ్యాధికి ఇది దగ్గరిది. ఇందులో చిన్నపేగు లోపలి పొర దెబ్బతిని తిన్నది ఒంటికి పట్టదు. కొవ్వు విరేచనాలలో వెళ్ళిపోతుంది, రక్తం క్షీణిస్తుంది, మనిషి ఎముకల గూడవుతాడు. కంచంలోని కేలరీలన్నీ దేహానికి చేరుతాయనుకోవడం ఎంత భ్రమో ఆ ఇంట అందరూ కళ్ళారా చూశారు. సుబ్బారావు కూడా అదే వ్యాధి బారిన పడి, డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకొన్నారు.

తరువాత మామగారి సహాయంతో అమెరికాలోని బోస్టన్ నగరం చేరి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రం అభ్యసించారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని చేశారు. అక్కడే సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలసి, శరీర ద్రవాలలోని భాస్వరాన్ని రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఈ కొలత వారిని కండరంలోని రహస్యానికి దారి తీసింది. కండరం ముడుచుకొన్నప్పుడు విడిపోయి, విశ్రాంతిలో మళ్ళీ కూడుకొనే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లోను, ఏటీపీ అనే పదార్థాన్ని 1929లోను వెల్లడించారు. జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా అదే కాలంలో స్వతంత్రంగా ఏటీపీని కనుగొన్నాడు.

జీవకణాలు శక్తిని ఖర్చుపెట్టే నాణెం ఏటీపీయేనని తరువాతి శాస్త్రజ్ఞులు తేల్చారు. పిండిపదార్థం గ్రాముకు 4 కేలరీలు, కొవ్వు గ్రాముకు 9 కేలరీలు ఇస్తాయి. అన్నమైనా, నెయ్యి అయినా, బెల్లమైనా చివరకు ఆ నాణెంగానే మారి ఖర్చవుతాయి. ఈ దృష్టితో చూస్తే కేలరీలన్నీ ఒక్కటే. బరువు పెరగడానికీ తగ్గడానికీ ఈ లెక్కను తప్పించుకొనే ఉపాయం లేదు.

అయితే సుబ్బారావు అక్కడ ఆగలేదు. శక్తినివ్వని, కాని లేకపోతే ప్రాణం నిలువని పదార్థాల వైపు ఆయన చూపు మళ్ళింది. అంతకు ముందే లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలోని పేద గర్భిణులలో కనిపించే రక్తహీనత ఈస్టు సారంతో నయమవుతుందని 1931లో చూపింది. ఆ గుణకారిని నాలుగు టన్నుల పాలకూర నుండి 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు వేరుచేసి, ఆకు అనే అర్థం గల లాటిన్ మాట మీదుగా ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరిన సుబ్బారావు నాయకత్వంలోని బృందం దానిని కృత్రిమంగా తయారుచేసి 1945లో ప్రకటించింది.

25 గ్రాముల పంచదారలో 100 కేలరీలున్నాయి. అంతే శక్తి పాలకూర నుండి రావాలంటే సుమారు 400 గ్రాములు తినాలి. మొదటిది రెండు గుక్కల పానీయంలో కరిగిపోతుంది, ఫోలేటు ఇసుమంతైనా ఇవ్వదు. రెండవది కడుపు నింపి, రక్తానికి కావలసిన ఫోలేటును ఇస్తుంది. మాంసకృత్తులైతే తమ శక్తిలో 20 నుండి 30 శాతం అరుగుదలకే ఖర్చు చేయిస్తాయి. 2019లో అమెరికాలో 20 మందిపై జరిగిన ఒక పరీక్షలో, వడ్డించిన కేలరీలూ చక్కెరా కొవ్వూ పీచూ సమానంగా ఉన్నప్పటికీ, కర్మాగారాలలో అతిగా శుద్ధిచేసిన ఆహారమిచ్చిన రెండు వారాలలో వారు రోజుకు సుమారు 500 కేలరీలు అదనంగా తిని బరువు పెరిగారు. లెక్క మారలేదు, ఆకలి మారింది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలలో, ధాన్యాల నుండి వచ్చే శక్తి 45 శాతం మించరాదని చెప్పడం గమనింపదగినది. అన్నమే ప్రధానమైన తెలుగు భోజనానికి ఇది కఠినమైన సూచనే.

ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకొనే అమినోప్టెరిన్ కూడా సుబ్బారావు బృందం తయారుచేసినదే. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానితో రక్తకేన్సరు సోకిన పిల్లలకు తాత్కాలికంగానైనా ఊరట కలిగించాడు. టెట్రాసైక్లిన్ వర్గపు మందులలో మొదటిదైన ఆరియోమైసిన్ అదే సంవత్సరం లెడర్లీ నుండి వెలువడింది.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయస్సులో ఆయన న్యూయార్కులో మరణించారు. సముద్రం దాటిన నాటి నుండి స్వదేశానికి తిరిగి రాలేదు, భార్య శేషగిరిని మళ్ళీ చూడలేదు. ఆయన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి నేడు వైద్యులు నెలల తరబడి ఇచ్చే మందులు రెండు: ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్.