సర్ జగదీశచంద్ర బోసు

జగదీశచంద్ర బోసుగారు 1858వ సంవత్సరము నవంబరు 30వ తేదీన వంగదేశమున జన్మించిరి. తండ్రి భగవాన్ చంద్రబోసుగారు ప్రభుత్వోద్యోగి. ఆంగ్ల పాఠశాలలకే గౌరవముగల ఆ దినములలో ఆయన కుమారుని మొదట మాతృభాషలో బోధించు బడికి పంపిరి. అచ్చట జాలరుల బిడ్డలును బాలునికి సహాధ్యాయులు. పిమ్మట బోసుగారు కలకత్తాలోని సెయింట్ జేవియరు పాఠశాలలోను, కేంబ్రిడ్జిలో రేలీ ప్రభువు వద్దను విద్య నేర్చి, 1885లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యులైరి.

ఆ కాలమున ఒకే పనికి తెల్లవారికంటె భారతీయునకు జీతము తక్కువ. బోసుగారు ఆ జీతమును ముట్టక మూడేండ్లు పాఠములు చెప్పిరి. ఇంట తండ్రిగారి ఋణములు పెరిగియున్నను పట్టు విడువలేదు, బోధనయు మానలేదు. తుదకు అధికారులు గడచిన కాలమునకు సైతము పూర్తి జీతమిచ్చిరి. ఆ ధనము ఋణములు తీర్చుటకు వినియోగపడెను.

1894 మొదలుకొని ఆయన విద్యుత్తరంగములను పరిశోధించిరి. తగిన ప్రయోగశాల లేనందున ఒక చిన్న గదిలో, రేకుల పనివానికి తామే నేర్పి, పరికరములు చేయించుకొనిరి. హెర్ట్జు పండితుని తరంగములు పొడవైనవి. బోసుగారు అయిదు మిల్లీమీటర్ల పొడవుగల వానిని పుట్టించిరి. ఇంత చిన్న తరంగములు వెలుతురువలె వంగుటయు, మరలుటయు బల్లమీదనే పరీక్షింపవచ్చును. ఏలూరి జనపనార మిల్లు నెరిగిన మనకు వింతగా తోచునుగాని, మెలిపెట్టిన జనపనారతోనే ఆయన తరంగముల కంపనదిశను మార్చి చూపిరి. 1895లో కలకత్తా టౌన్ హాలులో, తీగ లేకుండ, గోడల కావలనున్న గంటను మ్రోగించి, తుపాకిమందును పేల్చిరి. 1897లో లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషనులో ఉపన్యసించిరి.

దూరదేశములకు వార్తలంపుటకు పొడవైన తరంగములే అనుకూలించెను. మార్కోనీ ఆ త్రోవను నడచెను. బోసుగారి దృష్టి వ్యాపారముమీద లేదు. మిత్రుల బలవంతముచే 1904లో అమెరికాలో పేటెంటు లభించినను, దానివలన ధనమార్జింపలేదు. తరువాత మొక్కల జీవవ్యాపారములను పరిశోధించి, 1917లో కలకత్తాలో బోసు పరిశోధనాలయమును స్థాపించిరి. 1920లో రాయల్ సొసైటీ సభ్యులైరి. 1937 నవంబరు 23న గిరిడీలో దివంగతులైరి.

వారి చిన్న తరంగములు చిరకాలము మూలబడియుండెను. దూరము పోలేకున్నను అవి ఒకేసారి అధిక సమాచారమును మోయగలవు. అందుచేత సెల్‌ఫోనుల అయిదవ తరమునకును, రాబోవు తరములకును పరిశోధకులు మిల్లీమీటరు తరంగములనే ఆశ్రయించుచున్నారు. 2012లో ప్రపంచ విద్యుదింజనీర్ల సంఘము బోసుగారి ప్రయోగములను చరిత్రలో మైలురాయిగా గుర్తించెను.

విద్యార్థులారా! ఆ చిన్న గదిలో పనిచేయునాడు తమ శ్రమ నూరేండ్ల పిదప అక్కరకు వచ్చునని బోసుగారికి హామీ ఇచ్చినవారు లేరు. అయినను వారు పనిని నిర్లక్ష్యము చేయలేదు. పరికరములు లేవని చదువును వాయిదా వేయు మనకు ఇంతకంటె వేరు పాఠ మక్కరలేదు.