పెస్టలోజీ: స్టాన్సులో ఐదు నెలలు

ఉపాధ్యాయ శిక్షణ పొందిన వారెల్లరును పెస్టలోజీ పేరు ఎరుగుదురు. మేమును వస్తుపాఠములకు ఆద్యుడని ఆయన పేరు వ్రాసి పరీక్షలో మార్కులు తెచ్చుకొంటిమి. ఆయన ఎనుబదిమంది అనాథల తలలు కడిగిన సంగతి మాత్రము, బడిలో చేరి చాల ఏండ్లు గడచిన పిమ్మట గాని మాకు తెలియలేదు.

పెస్టలోజీ స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరమున 1746 జనవరి 12వ తేదీన జన్మించెను. ఐదేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. తాతగారు ఒక పల్లెలో సంఘ బోధకుడు; బాలుడు ఆయన వెంట బీదల ఇండ్లకు పోవుచుండెను. పెద్దవాడై సేద్యము చేసి నష్టపడెను. 1774లో తన పొలముననే పేదపిల్లలను చేర్చుకొని, నూలు వడకుటతో పాటు చదువును నేర్పబూనెను. 1780 నాటికి అదియు మూతపడెను. భార్య తెచ్చిన ధనము సైతము హరించిపోయెను. మరుసటి యేట ప్రకటించిన ఒక కథవలన పేరు వచ్చెను గాని, ఆయన మనస్సు బడిని విడువలేదు.

1798 సెప్టెంబరులో ఫ్రెంచి సేనలు స్టాన్సు ప్రాంతమున పడి, ఇండ్లు కాల్చి, జనులను చంపెను. దిక్కులేని పిల్లలను సాకుటకు ప్రభుత్వము పెస్టలోజీని పంపెను. 1799 జనవరిలో కన్యాస్త్రీల మఠమందు ఒక భాగమున పిల్లలను చేర్చిరి. కొలది కాలములో వారు ఎనుబదిమంది యైరి. పలువురికి గజ్జి, తలనిండ పుండ్లు, పేలు. తోడు ఇంటిపని చూచు స్త్రీ ఒక్కతె. ఊరివారు కథోలికులు, ఆయన ప్రొటెస్టంటు. పైగా వారికి గిట్టని ప్రభుత్వము పంపిన మనిషి. నమ్ముట ఎట్లు? ఆయన పిల్లలతో భుజించెను, వారి నడుమనే పరుండెను. పెద్దపిల్లలు తాము నేర్చిన అక్షరములను ప్రక్కనున్న చిన్నవారికి నేర్పుచుండిరి. ఆయన చేవ్రాతయే చక్కనిది కాదు!

ఆ యేటి ఏప్రిలులో ఆల్ట్‌డార్ఫు పట్టణము కాలిపోయెను. అచ్చటి అనాథలను ఇరువదిమందిని చేర్చుకొందమా యని ఆయన పిల్లలను అడిగెను. వారు వెంటనే సరే యనిరి. ఆయన అంతటితో ఊరకుండక, తిండి తగ్గును, పని పెరుగును, బట్టలు పంచుకొనవలసి వచ్చునని విడమరచి చెప్పెను. అయినను వారు మాట మార్చలేదు. ఆనాడు నేర్చినవారెవరో, నేర్పినవారెవరో మేము చెప్పజాలము.

జూనులో సేన ఆ భవనమును ఆసుపత్రికై తీసికొనెను. పిల్లలలో పెక్కుమంది చెదరిపోయిరి. పెస్టలోజీ రక్తము కక్కుచు కొండలకు విశ్రాంతికై పోయెను.

ఏబది మూడేండ్ల వయస్సున ఆయన బుర్గ్‌డార్ఫులో, చెప్పులు కుట్టు ఒక పంతులుగారి బడిలో మరల చిన్న ఉద్యోగమున చేరెను. ఆ పంతులు ఆయనను నిలువనీయలేదు. 1805 మొదలు 1825 వరకు ఈవెర్డానులో నడపిన విద్యాలయమునకు యూరపు నలుమూలలనుండి జనులు వచ్చిరి. బాలోద్యానములకు ఆద్యుడైన ఫ్రోబెలును అచ్చట కొన్నాళ్లుండెను. తుదకు ఉపాధ్యాయుల కలహములచేత అదియు మూతపడెను. కీర్తి నిండిన ఆ ఇరువది ఏండ్లకంటె స్టాన్సులోని ఐదు నెలలే ఆయనకు తృప్తి నిచ్చినవని, అచ్చటి పనినిగూర్చి ఆయన వ్రాసిన లేఖనుబట్టి మాకు తోచుచున్నది.

1827 ఫిబ్రవరి 17న ఆయన బ్రుగ్గు పట్టణమున కన్నుమూసెను. బిర్ అను పల్లెలో, బడి ప్రక్కనే సమాధి చేసిరి.