మంచును తూచిన లాటిన్ పంతులు

అమెరికాలో వానలు అతి తక్కువగా కురిసే రాష్ట్రం నెవాడా. అక్కడి ట్రకీ నది రైతుకు వేసవిలో పారే నీరు, శీతాకాలంలో సియెరా నెవాడా పర్వతాలపై పేరుకున్న మంచు కరిగి రావలసినదే. ఆ ఏటి నీరెంతో ముందుగా చెప్పే ఉపాయం చూపినవారు ఇంజనీరు కారు, రీనో పట్టణంలోని విశ్వవిద్యాలయంలో లాటిన్ బోధించిన జేమ్స్ ఎడ్వర్డ్ చర్చ్.

1869లో మిషిగన్ రాష్ట్రంలో జన్మించిన చర్చ్ 1892లో రీనో చేరారు. 1895 శీతాకాలంలో 10,776 అడుగుల మౌంట్ రోజ్ శిఖరాన్ని ఎక్కారు. ఆ కొండ ఆయనను మరి విడువలేదు. 1905లో దానిపై వాతావరణ పరిశీలనశాల నెలకొల్పారు.

మంచు లోతు కొలిస్తే నీటి లెక్క తేలదు. కొత్తగా రాలిన మంచు దూది వంటిది. పది అంగుళాలు కరిగితే ఒక అంగుళం నీరు రావచ్చు. వసంతానికి అణగిన మంచులో అంతకు మూడు నాలుగు రెట్లుంటుంది. అందుకని చర్చ్, అడుగున రంపపు పళ్లున్న ఉక్కు గొట్టాన్ని రూపొందించారు. దానిని నేల తగిలేదాకా దించి, లోపల నిలిచిన మంచుతో సహా పైకి తీసి తూచితే నీరెంతో తెలుస్తుంది. బస్తాలో గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు చూసే ధాన్యం వర్తకుని పద్ధతే ఇది. కొండనంతా తూచనక్కరలేదు. ఏటా అవే చోట్ల తూచి, మామూలు ఏడాదితో పోల్చాలి. ఉదాహరణకు 40 అంగుళాల నీరుండవలసిన మంచులో 30 అంగుళాలే ఉంటే, నదికీ ఇంచుమించు ముప్పాతిక వంతే వస్తుందని అంచనా.

ఈ లెక్క అక్కరకు వచ్చింది తాహో సరస్సు తగవులో. కాలిఫోర్నియా, నెవాడాల సరిహద్దుపైనున్న ఆ సరస్సు నుండే ట్రకీ బయలుదేరుతుంది. నీరు పెరిగితే ఒడ్డువారికి ముంపు. ముందే వదిలేస్తే దిగువ రైతుకు ఎండు, విద్యుత్ కంపెనీకి నష్టం. సరిహద్దు నీటి పంచాయితీలు మనకు చెప్పనక్కరలేదు కదా! 1910 తరువాతి సంవత్సరాలలో చర్చ్ వసంతంలోనే మంచు తూచి, సరస్సు ఎంత పెరుగుతుందో ముందుగా చెప్పసాగారు. తగవు సమసిపోలేదు గాని, తలుపులు ఎప్పుడెత్తాలన్న మాటకు ఊహ స్థానంలో ఒక అంకె దొరికింది.

అడవి మంచును ఎలా కాపాడుతుందో కూడా ఆయన పరిశీలించారు. మరీ దట్టమైతే మంచు కొమ్మలపైనే ఆగి కొంత ఆవిరైపోతుంది, బయలైతే గాలికి కొట్టుకుపోతుంది. నడుమ ఖాళీలున్న అడవే మేలని ఆయన తేల్చారు.

ఎనభైకి చేరువైన వయసులో, 1940 దశకం చివర, మంచు కొలతల పనిపై మన హిమాలయాలకూ వచ్చారు. 1959లో, తొంభై ఏళ్ల వయసులో మరణించారు. పశ్చిమ అమెరికా కొండలలో నేడు స్వయంచాలక యంత్రాలు మంచు బరువు చెబుతున్నా, గొట్టం దించి తూచే సిబ్బంది ఇంకా ఉన్నారు. రీనో విశ్వవిద్యాలయంలో చర్చ్ పేరున్నది మాత్రం లలితకళల భవనానికి.