కప్పలకు లాగులు తొడిగిన పంతులుగారు

పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి చాలామంది మాస్టార్ల గొంతు కాస్త తగ్గుతుంది. వెనక బెంచీల్లో ముసిముసి నవ్వులు మొదలవుతాయి. ఇంటి దగ్గర చదువుకోమని చెప్పి పేజీ తిప్పేసినవారూ లేకపోలేదు. అదే విషయాన్ని 18వ శతాబ్దంలో ఏ మొహమాటమూ లేకుండా ప్రయోగాలకు పెట్టినవాడు ఒక క్రైస్తవ మతాచార్యుడు. పేరు లజారో స్పల్లాంజాని. మన భాషలో పంతులు అనే మాట బడిలో చెప్పేవారికీ, గుడిలో పూజ చేసేవారికీ కూడా చెల్లుతుంది. ఈయనకు రెండు విధాలా చెల్లుతుంది.

1729లో ఉత్తర ఇటలీలోని స్కాండియానో అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి వకీలు. కొడుకు కూడా బొలోన్యా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రంలోనే చేరాడు. అక్కడ భౌతికశాస్త్రం బోధించే లారా బస్సీ ఆయనకు బంధువు. స్త్రీలు ఆచార్య పదవిలో ఉండడమే అరుదైన ఆ రోజుల్లో ఆమె ప్రోత్సాహంతోనే ఆయన మనసు సైన్సు వైపు మళ్లింది. చదువయ్యాక మత దీక్ష తీసుకున్నా, జీవితమంతా పాఠాలు చెప్పాడు. మొదట రెజ్జోలో, తర్వాత మొడెనాలో, 1769 నుంచి చనిపోయేదాకా పావియాలో. కాచి మూసిన రసంలో సూక్ష్మజీవులు వాటంతటవే పుట్టవని చూపించినవాడిగా ఆయన పేరు చాలామంది వినే ఉంటారు. ఆ కథ పక్కన పెడదాం.

వీర్యంలో కదలాడే కణాలను హాలండుకు చెందిన లీవెన్‌హుక్ 1677లోనే చూశాడు. అవి ఎందుకున్నాయో మాత్రం వందేళ్లయినా తేలలేదు. కడుపులో పురుగుల్లాంటివే అని చాలామంది కొట్టిపారేశారు. అసలు వీర్యం అండాన్ని తాకాలా, దాని ఆవిరి సోకితే చాలా అన్నదే పెద్ద తగువు.

కప్పల్లో గుడ్లు ఆడకప్ప ఒంట్లోంచి బయటికి వచ్చాకే ఫలదీకరణ చెందుతాయి. మగకప్ప వెనక నుంచి గట్టిగా పట్టుకుని ఉంటుంది. అప్పుడు ఏం జరుగుతుందో తెలియాలంటే దారేమిటి? ఫ్రాన్సులో రేయోమూర్ అంతకుముందే మగకప్పలకు లాగులు తొడిగి చూశాడు గానీ ఫలితం రాలేదు. స్పల్లాంజాని మైనం పూసిన పట్టుగుడ్డతో మళ్లీ కుట్టించాడు. లాగు తొడిగిన కప్పల జంటలు పెట్టిన గుడ్లు కుళ్లిపోయాయి. లాగులో మిగిలిన చుక్కలు తీసి వేరే గుడ్లకు తాకిస్తే తోకకప్పలు వచ్చాయి. ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది గానీ అంత శుభ్రమైన ప్రయోగం ఆ రోజుల్లో అరుదు. ఆవిరి సంగతీ అలాగే తేల్చాడు. వీర్యానికి కాస్త ఎత్తులో గుడ్లను వేలాడదీస్తే ఏమీ కాలేదు, ముంచితే పిల్లలయ్యాయి.

తర్వాత ఆడకుక్కను గదిలో పెట్టి తాళం వేసి, ఎదకు వచ్చాక మగకుక్క వీర్యాన్ని వెచ్చగా ఉంచిన పిచికారీతో లోపలికి ఎక్కించాడు. 62 రోజులకు మూడు పిల్లలు పుట్టాయి. మంచులో చల్లబరిస్తే వీర్యకణాలు కదలిక మాని, వెచ్చబడగానే మళ్లీ కదలడం కూడా ఆయన గమనించాడు. ఈనాడు మన పల్లెల్లో గేదె ఎదకు వస్తే పశువుల ఆసుపత్రికి తోలుకెళ్లి, గడ్డకట్టించి దాచిన వీర్యం వేయించడం మామూలైపోయింది. దాని తొలి అడుగులు ఇవే.

ఇక అసలు చిక్కు. కప్ప వీర్యం కలిపిన నీటిని ఆయన కాగితాలతో వడపోశాడు. ఒకదానిమీద ఒకటి కాగితాలు పెంచిన కొద్దీ కిందికి దిగిన నీటికి శక్తి తగ్గుతూ వచ్చి, చివరికి పోయింది. కాగితాలను నీళ్లలో పిండితే ఆ నీరు గుడ్లను ఫలదీకరించింది! అంటే పని చేసేది కాగితం పైన ఆగిపోయినదే. ఆగింది వీర్యకణాలు. జవాబు చేతిలో ఉంది.

అయినా ఆయన ఒప్పుకోలేదు. పనిచేసేది ద్రవమే, కణాలకు దానితో పనిలేదని రాశాడు. కారణం ఉంది. పూర్తి ప్రాణి ముందుగానే అండంలో బుల్లి రూపంలో ముడుచుకుని ఉంటుందని, వీర్యం దాన్ని మేల్కొలుపుతుందంతే అని ఆయన, ఆయన మిత్రుడు జెనీవా పండితుడు బొనే గట్టిగా నమ్మారు. పైగా కణాలు కనబడని వీర్యంతో కూడా గుడ్లు ఫలించాయని ఆయనకు తోచింది. ఆనాటి సూక్ష్మదర్శినిని బట్టి చూస్తే ఆ పొరపాటును మరీ తప్పుపట్టలేం. కానీ కుక్కపిల్లలు తల్లినే కాక తండ్రిని కూడా పోలి ఉన్నాయని రాసిందీ ఆయనే. అంతా తల్లి అండంలోనే ఉంటే తండ్రి పోలిక ఎక్కడిదని ఆ ప్రశ్నను చివరిదాకా లాగి ఉంటే? అక్కడ మాత్రం నమ్మకానిదే పైచేయి అయిందని నాకనిపిస్తుంది. గబ్బిలాల కళ్లు కప్పి, అవి చెవులతోనే దారి తెలుసుకుంటాయనే దాకా వెళ్లిన మనిషి మరి!

1799 ఫిబ్రవరిలో పావియాలో ఆయన కన్నుమూశాడు. పాతికేళ్లకు, 1824లో, ప్రెవో, డ్యూమా అనే ఇద్దరు అవే కప్పలతో, అదే వడపోతతో ప్రయోగం మళ్లీ చేశారు. ఆయన రాసిపెట్టిన వివరాలే వాళ్లకు దారి చూపాయి. కణాలు లేనిదే గుడ్డు ఫలించదని వాళ్లు తేల్చారు. కణం, అండం రెండింటి కేంద్రకాలు కలిసిపోవడాన్ని 1876లో జర్మనీకి చెందిన హెర్ట్‌విగ్ సముద్రపు అర్చిన్ గుడ్లలో కళ్లారా చూశాడు.